మా అన్న ఎడమ కన్ను

మా అన్న వెల్డింగ్ షాపు కోరుట్లల మా ఇంటి ముంగటి షట్టర్లనే ఉంటది. అంతకుముందు గా షట్టర్ల నేను జాకెట్లు కుట్టేదాన్ని. అన్న దుబాయి నుంచి వచ్చి, "ఇగ పోను చెల్లె, పిల్ల పెద్దగైతున్నది, ఈడనే ఏదన్న చేసుకుంట" అన్నంక నా మిషను లోపటి అర్రలకు జరుపుకొని షట్టరు ఆయనకు ఇచ్చిన. అందుకే ఆయన పనంత నాకు ఇనవడుకుంటనే జరిగింది. గ్రైండర్ మోత ఆగిందంటే కొలత చూసుకుంటున్నడు, మళ్ళ మొదలైందంటే కోస్తున్నడు అని లోపల కూసోనే చెప్పేదాన్ని.

మేము పుట్టింది సిరిసిల్లల. బాపు సాంచ మీద బట్ట నేసేటోడు. కరెంటు తోని నడిచే మగ్గాన్ని మా దిక్కు సాంచ అంటరు. అన్న గూడ చదువు బందు పెట్టి గదే పనికి పోయిండు. తరువాత ఆర్డర్లు తగ్గినయి. కార్ఖాన వారంల సగం రోజులు మూసే ఉండేది. ఇంట్ల కూసోని కూసోని యాష్టకొచ్చి, తెలిసినోళ్ళ ఎంబడి వీసా మీద దుబాయి పోయిండు. పోగులు అతికిన చేతులు ఆడ ఇనుము కోసుడు నేర్చుకున్నయి.

సెలవు మీద వచ్చినప్పుడు ఆడి ముచ్చట్లు చెప్పేటోడు. అద్దాలు పెట్టుకోకుంట గ్రైండర్ ముట్టుకుంటె సూపర్వైజరు ఆ రోజు పనిల నుంచే ఎళ్ళగొట్టేటోడట. కండ్లకు పక్కల గూడ మూసి ఉండే అద్దాలు, వాటి మీదికెళ్ళి మొకమంత కప్పే ప్లాస్టిక్ అద్దం. గ్రైండర్ చక్రం మీద ఇనుప కప్పు లేకుంటె కరెంటే ఇయ్యకపోయేటోళ్ళు. "కోసేటోనికే కాదు చెల్లె, పక్కకు నిలవడ్డోనికి గూడ అద్దాలు ఉండాలె. రవ్వ ఎవలి దిక్కు పోతదో దానికేం ఎరుక" అని నవ్వేటోడు.

వచ్చేటప్పుడు ఆ అద్దాలు పెట్టెల పెట్టుకొని తెచ్చుకున్నడు. షాపు పెట్టిన కొత్తల వాటిని పెట్టుకోకుంట చెయ్యి కదిలించకపోయేటోడు. గేటు చేపిచ్చుకుందామని వచ్చినోళ్ళు ఆయనను చూసి నవ్వేటోళ్ళు. "ఏందే, నీళ్ళల్లకు దుంకుతవా ఏంది గవి పెట్టుకొని" అని ఒకాయన అన్నది నాకింక యాదికున్నది. అన్న పట్టించుకోకపోయేటోడు.

ఎండాకాలం వచ్చింది. రేకుల కింద నిప్పుల కుంపటి లెక్క ఉడికిపోయేది. అద్దాల లోపల చెమట పట్టి మసక కమ్మేది. తుడుసుడు, పెట్టుకునుడు, మళ్ళ తుడుసుడు. రవ్వలు తాకి తాకి అద్దాల మీద గీతలు వడ్డయి. కొత్తయి కావాలని బజార్ల అడిగితే ఎండకు పెట్టుకునే నల్లద్దాలు చూపెట్టిండ్రట. పక్కలకు ఏ అడ్డం లేదు వాటికి. అన్న ఉత్త చేతులతోని వచ్చిండు. గప్పటి సంది పాత అద్దాలు కండ్ల మీద తక్కువ, నొసటి మీద ఎక్కువ ఉండుడు మొదలైంది. కిటికీ గ్రిల్లుల మూలలకు అందుతలేదని గ్రైండర్ మీది ఇనుప కప్పు గూడ ఒకనాడు ఇప్పి పక్కకు పెట్టిండు. మళ్ళ బిగియ్యలే.

ఆనాడు రాయికల్ దిక్కోళ్ళ గేటు. తెల్లారితె గృహప్రవేశం, పొద్దుమూకె వరకు కావాలని ట్రాలీ ఆటో తీసుకొనే వచ్చి నిలవడ్డరు. గేటు అయిపోయింది. ఒక్క మడతబందు కాడ అతుకు ఎక్కువైంది, తలుపు పడుతలేదు. జర్రంత గీకితె అయిపాయె. అన్న అద్దాలు నొసటి మీద పెట్టుకొనే గ్రైండర్ వట్టిండు. నేను సల్ల గిలాస తీసుకొని గడప కాడికి వచ్చిన. మోత మొదలై వెంటనే ఆగిపోయింది. చూస్తె అన్న గ్రైండర్ కింద పెట్టి, ఎడమ కన్ను అరచేత ఒత్తుకొని నిలవడ్డడు.

"ఏమైందన్నా?"

"ఏం లేదు. నలుసు పడ్డది."

మా షట్టరుకు ఆనుకొనే ఒక ట్రాక్టర్ మెకానిక్ ఉంటడు. పెద్దమనిషి. అందరు ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తరు. మా బజార్ల వెల్డింగోళ్ళకు, కర్రపని చేసే వడ్లోళ్ళకు, కంట్ల ఏం పడ్డా ఉస్తాద్ కాడికే పోవుడు అలవాటు. ఆయన చెయ్యి వణకదు, నొప్పి తెల్వకుంట తీస్తడని పేరు. అన్న గూడ గంతకుముందు ఒకటి రెండు సార్లు తీపిచ్చుకున్నడు.

అన్న కేకేస్తె ఉస్తాద్ చేతులు తుడుసుకుంట వచ్చిండు. అన్నను స్టూలు మీద కూసోబెట్టి మొకం ఎండ దిక్కు తిప్పిండు. రెప్ప ఎత్తి చూసి, "నల్లగుడ్డు మీదనే కూసున్నది. గట్టిగ వట్టుకున్నది" అన్నడు. సగం బ్లేడు జేబుల నుంచి తీసి అంగికి రుద్దుకున్నడు. "కదలకు" అన్నడు. అన్న స్టూలు అంచులు వట్టుకొని కూసున్నడు. నేను చూడలేక మొకం తిప్పుకున్న.

"ఎళ్ళింది" అని ఉస్తాద్ తన గోరు మీద పెట్టి చూపిచ్చిండు. నల్లగ, ఆవగింజల సగం గూడ లేదు. అన్న కన్ను ఆర్పి చూసి, నవ్వి, సల్ల తాగి, మడతబందు గీకుడు పూర్తి చేసిండు. గేటు ఎక్కిచ్చుకొని వాళ్ళు పోయిండ్రు.

తెల్లారి కన్ను ఎర్రగున్నది. నీళ్ళు కారుతున్నయి. "బ్లేడు తాకింది గద, రెండు రోజులు ఉంటది" అన్నడు అన్న. మెడికల్ షాపుల చెప్పి చుక్కల మందు తెచ్చుకున్నడు. వేసుకోంగనే నొప్పి తగ్గింది, ఎరుపు గూడ తగ్గింది. "చూసినవా" అన్నడు నాతోని. మళ్ళ పనిల పడ్డడు.

వారం దగ్గరికి రాంగ నొప్పి మళ్ళ వచ్చింది, ఈసారి తల పగిలేటట్టు. ఎలుతురు దిక్కు చూడలేకపోయేటోడు. పొద్దుగాల కన్ను తెరువరాకపోయేది, రెప్పలకు చీము అంటుకునేది. మా వదినె తడిబట్టతోని తుడుస్తుంటె చూసింది, నల్లగుడ్డు మీద తెల్లగ, నూకగింజంత చుక్క. వాళ్ళ ఇల్లు మా పక్కదే, గోడ అవతలి నుంచి నన్ను పిలిచింది. ఆమె గొంతు ఇని నేను చేతిల కుట్టు గట్లనే ఇడిచిపెట్టి ఉరికిన.

ముగ్గురం బస్సెక్కి జగిత్యాల పోయినం. దారి పొడుగూత అన్న తువ్వాల మొకం మీద ఏసుకొని తల సీటుకు ఆనిచ్చి కూసున్నడు. 

జగిత్యాలల కండ్ల డాక్టరమ్మ మెల్లగ మాట్లాడేది. మిషన్ల అన్న గదుమ పెట్టిచ్చి చానసేపు చూసింది. తరువాత లైటు బందు వెట్టి అడిగింది.

"గ్రైండర్ పనా?"

"అవునమ్మా."

"అద్దాలు లేవా?"

"ఉన్నయి."

"ఉన్నయా, పెట్టుకున్నరా?"

 "నొసటి మీద పెట్టుకున్న" అన్నడు.

ఆమె కోపం చెయ్యలే. నలుసు ఎవరు తీసిండ్రు, దేనితోని తీసిండ్రు అని అడిగింది. వదినె సంచిల నుంచి చుక్కల మందు సీస తీసి చూపెట్టింది. డాక్టరమ్మ సీస మీది పేరు చదివి బల్ల మీద పక్కకు పెట్టింది.

"ఇది నొప్పి, ఎరుపు తగ్గిస్తది. కానీ కంట్ల పుండు ఉన్నప్పుడు వేస్తే పుండు పెరుగుతది. లోపల పెరుగుతుంటే పైకి మంచిగైనట్టు కనపడుతది" అన్నది. నలుసు పడ్డ రోజే వస్తె మొద్దుబార్చే మందేసి, శుభ్రమైన సూదితోని తీసి పంపేవాళ్ళమని, బ్లేడు గీసుకున్న కాడికెళ్ళి రోగం లోపటికి పోయిందని చెప్పింది. "నలుసు పడితే రుద్దకూడదు. మంచినీళ్ళతో కడగాలి. పోకపోతే ఎవరినీ ముట్టనియ్యకుండా డాక్టర్ దగ్గరికి రావాలి. ఈ మాట మీ తోటి పనివాళ్ళకు చెప్పండి."

"నాకు నయమైతదా అమ్మా" అన్నడు అన్న.

"మీరు ఇవ్వాళనే హైదరాబాద్ పెద్దాసుపత్రికి పోండి. ఆగకండి" అన్నదామె. అడిగిన మాటకు జవాబు అది కాదని మా ముగ్గురికి తెలిసింది.

హైదరాబాద్ల చాన రోజులు ఉన్నం. గంట గంటకు చుక్కలు. ఒక మందు మండేది, ఒకటి చల్లగుండేది. ఏది వేసేటప్పుడు అన్న పిడికిలి బిగిస్తడో చూసి ఏ మందో నాకు తెలిసిపోయేది. వదినె, నేను వంతులు వేసుకున్నం. పక్క మంచాల మీద ఉన్నోళ్ళు గూడ చానమంది గిసొంటి పనోళ్ళే. ఒకాయనది చక్రం పలిగి ముక్క తాకిన కన్ను. ఇంకొకాయన గ్రైండర్ వట్టనే లేదట, కోస్తున్నోని పక్కపొంటి నడుసుకుంట పోయిండట, గంతే.

బాపు సిరిసిల్ల నుంచి వచ్చిండు.  అన్న మంచం మీద కూసోని, గదుమ వట్టుకొని మొకం కిటికీ దిక్కు తిప్పి చూసిండు. బట్టల ఎక్కడన్న పోగు తప్పితె చూసేటోడు సూడు, గట్ల చూసిండు. కంటి నల్లగుడ్డంత అప్పటికే తెల్లవడ్డది.

డాక్టర్లు రౌండ్ల వచ్చినప్పుడు బాపు లేచి నిలవడి చేతులు కట్టుకున్నడు. "సారూ, నాయి రెండు మంచిగనే ఉన్నయి. పనికి గూడ పోతలేను ఇప్పుడు. ఒకటి తీసి వీనికి పెడుతరా" అని అడిగిండు.

వాళ్ళల్ల చిన్న వయసు డాక్టరు ఒకాయన ఆగిండు. బాపు భుజం మీద చెయ్యి వేసి, బతికున్న మనిషి కన్ను తియ్యరని, కన్ను మొత్తం మార్చుడు అయ్యే పని కాదని, పైపొర ఒక్కటే మార్చొచ్చని, కానీ రోగం లోపటిదాంక పోయింది గనుక ఈయనకు దాంతోటి గూడ చూపు రాదని నిదానంగ చెప్పిండు. బాపు అంత ఇన్నడు. "మంచిది సారూ" అన్నడు. డాక్టర్లు పోయినంక వరండల గోడకు ఆనుకొని కింద కూసున్నడు. నేను పోయి పక్కన కూసున్న. "నాకు ఇంక ఈ కండ్లతోని ఏం పని ఉన్నది బిడ్డా" అన్నడు. 

నొప్పి తగ్గినంక ఇంటికి పంపిచ్చిండ్రు. పుండు మానింది. ఎలుతురు, చీకటి తప్ప ఆ కంటికి ఇంకేం తెల్వదు.

ఒక్క కన్ను పోతే సగం చూపు పోతదనుకున్న నేను. అది గాదు. దూరం దగ్గర తెల్వకుంట అయితది. వదినె చాయ గిలాస ఇస్తె అన్న చెయ్యి గిలాసకు ఇవతలనే మూసుకునేది. చెంబుల నుంచి నీళ్ళు వొంచితె గిలాస పక్కకు పడేటియి. మెట్టు ఉన్నదనుకొని కాలు లేపేటోడు, మెట్టు ఉండకపోయేది. ఒకనాడు బిడ్డ బడి నుంచి వచ్చి ఎడమ దిక్కు నుంచి ఉరికొచ్చింది. అన్నకు కనవడలే, అప్పుడే తిరిగిండు. మోచెయ్యి తాకి పిల్ల కింద పడ్డది. పెదివి పగిలింది. పిల్ల ఏడుపు ఆపి, "ఏం కాలే నాయినా" అని ఆయనకే చెప్పుకుంట వచ్చింది. అన్న ఆ రోజు అన్నం తినలే.

షట్టరు మూసే ఉన్నది. నాకు జాకెట్లు కుట్టుకుంట కూసుంటె ఆ మోత లేకపోవుడు ఎక్కువ ఇనవడేది.

ఉస్తాద్ మా ఇంటి మొకాన రాలే. ఎదురువడితె తల దించుకొని పోయేటోడు. ఒకనాడు నేనే ఆయన షెడ్డు కాడికి పోయిన. "నువ్వు చెయ్యి పెట్టకపోతే మా అన్న కన్ను ఉంటుండె ఉస్తాద్" అన్న. ఆయన చేతిల పానా వట్టుకొని గట్లనే నిలవడ్డడు.  ట్రాక్టరు కాడ ఉన్నోళ్ళు అందరు ఇన్నరు.

అన్నకు ఎవలో చెప్పిండ్రు. సాయంత్రం నా దగ్గరికి వచ్చిండు.

"ఉస్తాద్ను అన్నవట."

"అనక ఏం చెయ్యాలె?"

"ఆయన నన్ను వట్టుకొచ్చి తియ్యలే. నేనే పిలిచి మొకం ఇచ్చిన. అద్దాలు నా తల మీదనే ఉండె చెల్లె. రెండు వేళ్ళతోని కిందికి గుంజితె అయిపోతుండె. ఆడ దేశం గాని దేశంల ఎవడో భయం పెడితె పెట్టుకున్న. ఈడ నాది నాకే షాపు. భయం పెట్టేటోడు లేడు." గడప దిగుకుంట, "ఆయన మంచికే చేసిండు. ఇగ ఏం అనకు" అన్నడు.

తరువాత ఆయనే ఉస్తాద్ కాడికి పోయి చాయ తాగి వచ్చిండు. వాళ్ళిద్దరు ఏం మాట్లాడుకున్నరో నాకు తెల్వది.

దుబాయిల పాత కంపెనీ వాళ్ళు మళ్ళ రమ్మన్నరు. అన్నకు ఆశ పుట్టింది. వదినె వద్దన్నా ఇనకుంట వీసా కోసం చేసే మెడికల్ పరీక్షకు పోయిండు. బస్సు దిగి ఇంటికి పోకుంట మొదలు నా కాడికి వచ్చిండు. గడప మీద కూసోని చెప్పులు ఇడుసుకుంట, "ఒక్క కన్ను నడువదట" అన్నడు. అన్నం పెడుతనంటె వద్దన్నడు. మంచినీళ్ళు అడిగిండు. ఈసారి గిలాస నేనే ఆయన చేతిల పెట్టి, వేళ్ళు మూసి, ఇడిచిన.

దాని తరువాతనే షట్టరు మళ్ళ లేచింది. ఎంబడి పని చేసిన ఒకాయన దుబాయి నుంచి వచ్చేటప్పుడు ఆడి అద్దాలు, మొకానికి పెట్టుకునేటివి సంచి నిండ తెచ్చిచ్చిండు. చెమటకు మసక పట్టనివి గూడ ఉంటయట, గవి తెచ్చిండు. అన్న గ్రైండర్ మీది ఇనుప కప్పు దేవులాడి తీసి బిగిచ్చిండు. మొదట్ల ఏ గేటు గూడ కొలత సరిగ రాకపోయేది. కోసింది మళ్ళ కోసుడు, అతికింది మళ్ళ తీసుడు. వదినె వచ్చి టేపు వట్టేది. ఆమెకు గూడ అద్దాలు పెట్టిచ్చిండు. షాపుల ఎవలు నిలవడ్డా పెట్టుకోవాలె, లేకుంటె రోడ్డు మీద నిలవడాలె.

"ఒక్క కోతనే కదనే, జల్ది కానీ" అని ఒకాయన లొల్లి పెట్టిండు ఒకసారి. అన్న గ్రైండర్ స్విచ్చి బందు చేసి, కింద పెట్టి, లోపటికి పోయి నీళ్ళు తాగుకుంట కూసున్నడు. తన కన్ను ఎవలికి చూపెట్టలే, కథ చెప్పలే. ఆ లొల్లి పెట్టినాయన అద్దాలు పెట్టుకొని వచ్చినంకనే అన్న బయటికి వచ్చిండు.

పోయిన చలికాలం ఒక వడ్లాయన కన్ను మూసుకొని ఉస్తాద్ షెడ్డుకు ఉరికొచ్చిండు. కొత్త ఇంట్ల తలుపులకు ఇనుప పట్టీలు కోస్తుంటె పడ్డదట. "జర తియ్యి ఉస్తాద్" అని స్టూలు మీద కూసున్నడు. నేను దారబందం కాడ నిలవడి చూస్తున్న. ఉస్తాద్ రెండు చేతులు ఎన్కకు పెట్టుకున్నడు.

"నేను ముట్ట" అన్నడు.

"నొప్పైతున్నది, తియ్యరాదు."

"ముట్ట అన్న గద. నువ్వు గూడ రుద్దకు."

మంచినీళ్ళ సీస తెచ్చి ఆయన కంట్ల నీళ్ళు పోసిండు. నలుసు పోలే. తన పని గట్లనే ఇడిచిపెట్టి, ఆయనను బండి మీద ఎక్కిచ్చుకొని జగిత్యాల తీస్కపోయిండు. పొద్దు గుంకకముందే తిరిగొచ్చిండ్రు. వడ్లాయన కంటికి తెల్లటి పట్టీ ఉన్నది. రెండు మూడు రోజులకు పట్టీ తీసేసి, మా షాపుకు వచ్చి, "మంచిగనే కనవడుతున్నదే" అని అన్నతోని చెప్పిండు.

"మంచిగాయె" అన్నడు అన్న. ఆయన భుజం తట్టిండు, చాయ తాపిచ్చి తోలిచ్చిండు. తరువాత నేను ఏదో పనికి షాపు ఎనుక దిక్కు పోతె, అన్న ఇనుప రాడ్ల మీద కూసోని ఉన్నడు. అద్దాలు ఒళ్ళె ఉన్నయి. రెండు కండ్లల్ల నుంచి నీళ్ళు కారుతున్నయి. చూపు లేని కంట్ల నుంచి గూడ నీళ్ళొస్తయని నేను అనుకోలే. నన్ను చూసి తుడుసుకోలే. నేను పక్కకు పోయి కూసున్న. 

మొన్న బాపుకు పానం బాగ లేదంటె ఇద్దరం సిరిసిల్ల పోయినం. బస్సుల అన్న కిటికీ కాడ కూసుంటడు, నేను ఆయన ఎడమ పక్కకు కూసుంట. కథలాపూర్ దాటినంక, "అటు దిక్కు ఏమున్నది" అని అడిగిండు.

"వరి కోసిండ్రు అన్నా. మిషను ఇంక పొలంలనే ఉన్నది."

"వడ్లు ఆరబోసిండ్రా?"

"రోడ్డు పొంటి పోసిండ్రు."

తలకాయ ఊపి, మళ్ళ తన దిక్కు కిటికీల నుంచి చూసుకుంట కూసున్నడు.

సిరిసిల్ల బస్టాండుల దిగేసరికి బాపు మా కోసం వచ్చి ఉన్నడు. రావద్దని ఫోన్ల చెప్పినా ఇనలే. మేము దిగింది చూసి, మనుషులందరినీ తప్పిచ్చుకుంట చుట్టు తిరిగి, అన్న కుడి దిక్కుకు వచ్చిండు. అన్నకు కనవడేటట్టు నిలవడి, అప్పుడు పిలిచిండు.